పొయ్యి దగ్గరకు రానివ్వండి

చూపు లేని పిల్లలు చదువుకోవచ్చు, పాడవచ్చు. వంటగది గడప మాత్రం దాటకూడదు. ‘చెయ్యి కాలుతుందమ్మా’ అన్న ఒక్క మాటే అడ్డుపడి, ఇరవై ఏళ్లొచ్చినా కాఫీ కలుపుకోవడం రాని యువత మన ఇళ్లలో ఉన్నారు. చూపున్నవారికి మాత్రం చేతులు కాలవా?

నిజానికి మన వంట సగం చెవితో, ముక్కుతో నడిచేదే. ఆవాల చిటపటలు సద్దుమణిగాకే కరివేపాకు వేస్తాం. కుక్కర్ కూతలు లెక్కపెడతాం. ఎసరు వేలి కణుపుతో కొలుస్తాం. గ్యాస్ లీకైతే తెలియాలని కంపెనీలే అందులో ఘాటు వాసన కలుపుతాయి. కత్తిపీట ముందు వేళ్లు ఎలా ముడవాలో, మంట వెలిగించకముందే గిన్నెను బర్నర్ మీద తడిమి ఎలా కుదర్చాలో అన్నవి నేర్పితే వచ్చేవే. అమెరికాలో క్రిస్టీన్ హా చూపు కోల్పోయాకే 2012లో మాస్టర్‌చెఫ్ పోటీ గెలిచారు. అందరూ పోటీలు గెలవనక్కర్లేదు, హాస్టల్ గదిలో ఉప్మా చేసుకోగలిగితే చాలు.

కొత్త చిక్కును స్టవ్ కంపెనీలు తెచ్చిపెట్టాయి. తిప్పే మీట చేతికి తెలుస్తుంది. నున్నటి గాజు పలక ఉన్న ఇండక్షన్ స్టవ్ మీద వేలికి ఏమీ తగలదు. అందరూ వాడగలిగే వస్తువుల తయారీని ప్రభుత్వాలు ప్రోత్సహించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. ఆ పలక మీద నాలుగు ఉబ్బెత్తు చుక్కలకు ఎంత ఖర్చవుతుంది? అంధుల పాఠశాలల్లో కంప్యూటర్ గదికిచ్చే ప్రాధాన్యం వంటగదికీ ఇచ్చి, వారానికి ఒక పూట విద్యార్థులకే పొయ్యి అప్పగించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం. అబ్బాయిలకు కూడా.