ఐదో వంతు కలిపి

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం, కువైట్‌లోని జాబ్రియాలో మేం పదిహేను ఇరవై మందిమి కూడుకునే గదిలో ఒకాయన సాక్ష్యం చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు వీసాల పని చేశాననీ, ఆడకూతుళ్ల దగ్గర డబ్బు తీసుకుని అబద్ధాలు చెప్పాననీ, ఇప్పుడు ప్రభువు తనను పట్టుకున్నాడనీ చెప్పాడు. అందరం స్తోత్రం అన్నాం. నేనూ అన్నాను, గట్టిగానే. చివర్లో కృతజ్ఞత కానుకగా యాభై దినార్లు ఇచ్చాడు. దానికీ స్తోత్రం అన్నాం.

ఆ గదిలోనే గోడవారన చాప మీద ఒకావిడ కూర్చుని ఉంది. కోనసీమ మనిషి. ఆయన చేతి మీదుగానే కువైట్ వచ్చింది. నలుగురున్న ఇంట్లో వంటపని అని చెప్పి ఎనభై వేలు తీసుకున్నాడు. తీరా వచ్చి చూస్తే పదకొండు మంది, మూడంతస్తుల ఇల్లు. ఆ ఎనభై వేల కోసం తల్లి చెవిదుద్దులూ తన నానుతాడూ తాకట్టుకు వెళ్లాయి. కూటం అయ్యాక మా సంఘపు పెద్దాయన ఆవిడ దగ్గరకు వెళ్లి, "అమ్మా, దేవుడే క్షమించాడు, ఇంక నువ్వు మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఆవిడ తలూపింది. బయట గేటు దగ్గర చెప్పులేసుకుంటూ నన్ను అడిగింది: "అన్నా, మరి మా అమ్మ దుద్దులో?" బైబిలుకు వేసిన జిప్పు కవరు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన తాకట్టు రసీదు తీసి చూపించింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించింది. క్లోరాక్స్ నీళ్లకు పొట్టు లేచిన వేళ్లతో దాన్ని మళ్లీ మడిచి కవర్లో పెట్టుకుంది.

ఆ రోజు ఆవిడకు నేనేమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాలని రాస్తున్నాను.

మన సంఘాల్లో వేళ్లూనుకున్న నమ్మకం ఒకటుంది. పాపం నాకూ దేవుడికీ మధ్య సంగతి, ఒప్పుకుని ఏడిస్తే తీరిపోతుంది, ఆ తర్వాత దాని ఊసెత్తినవాడే సాతాను పక్షం అని. ఊళ్లో ఉజ్జీవ కూటాల పందిళ్లలో ఇదే బోధ, ఫోన్లో వినే ప్రసంగాల్లో ఇదే, సిటీలోని ఇవాంజెలికల్ చర్చి ఆవరణ దాకా వెళ్లే తీరిక లేక ఇక్కడి గదుల్లో మేం చేసుకునే ప్రార్థనల్లోనూ ఇదే. అన్యాయమైపోయిన మనిషికి ఈ బోధలో చోటు లేదు. ఉన్నా, క్షమించాల్సిన భారం మోయడానికే. ఇది బైబిలు నేర్పే పశ్చాత్తాపం కాదని నేను అంటున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. పశ్చాత్తాపమంటే పశ్చాత్ తాపం, తర్వాత కలిగే మంట. మంట పుట్టడం మంచిదే, కానీ మంట దానంతటదే ఎక్కడికీ నడవదు. మన తెలుగు బైబిలు అనువాదకులకు ఈ తేడా తెలుసు. బాప్తిస్మమిచ్చే యోహాను అరణ్యంలో జనాన్ని పిలిచిన చోట వాళ్లు పశ్చాత్తాపం అని రాయలేదు, మారుమనస్సు అని రాశారు. గ్రీకులో అక్కడున్న మాట మెటనోయియా, మనసు మారడం. దాని వెనకున్న హీబ్రూ మాట షూబ్, వెనక్కి తిరగడం. ఈ దేశంలో రోజూ వినబడే తౌబా కూడా ఆ వేరు నుంచి పుట్టినదే. అరబ్బీ బైబిల్లో యోహాను పిలుపు ఆ మాటతోనే ఉంది. అంటే మనం వంటచేసే ఇళ్లలో యజమానులైన బాబా, మామా నోటి నుంచి వచ్చే మాటకు అర్థం తిరిగి రావడం. తిరిగి రావాలంటే ఎక్కడి నుంచి తప్పిపోయామో ఆ చోటికి రావాలి. ఆ చోట ఒక మనిషి నిలబడి ఉంటుంది.

పశ్చాత్తాపం అనే మాట మన అనువాదకులు ఎవరికి వాడారో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మత్తయి సువార్త 27వ అధ్యాయంలో, యూదా ఇస్కరియోతుకు. గ్రీకులో అక్కడ మాట కూడా వేరే, మనసు నొచ్చుకోవడం అని. అతడి ఏడుపు నిజమైనదే. డబ్బు కూడా తిరిగిచ్చేశాడు కదా అని ఎవరైనా నన్ను అడగవచ్చు. ఇచ్చాడు, కానీ ఎవరికి? తనతో బేరం కుదుర్చుకున్న యాజకులకు. తాను అప్పగించినవాడి వైపు ఒక్క అడుగూ వేయలేదు. ఆ ముప్పై నాణేలు రక్తపు వెల కాబట్టి కానుకల్లో కలపకూడదని ఆ యాజకులే అన్నారు, వాటితో కుమ్మరివాడి పొలం కొన్నారు. ఆవిడ నానుతాడు కుదువపెట్టి తెచ్చిన డబ్బులోంచి వచ్చిన యాభై దినార్లను మేం కానుకల సంచిలో వేసుకున్నాం. క్రీస్తును చంపించినవాళ్లు సైతం వేసుకోని డబ్బు అది.

పేతురు కూడా యూదా యేసును అప్పగించిన ఆ రాత్రే తప్పాడు, అతడూ ఏడ్చాడు. కానీ తిబెరియ సముద్రం ఒడ్డున బొగ్గుల మంట దగ్గర, తాను ఎరగనన్నవాడి ఎదుటే నిలబడ్డాడు. మూడుసార్లు ఎరగనన్నాడు, అక్కడ మూడు ప్రశ్నలు అడిగించుకున్నాడు. మూడోసారికి మనసు నొచ్చుకుంది. నొచ్చుకున్నా లేచిపోలేదు.

ఇక జక్కయ్య. యెరికోలో మేడిచెట్టు ఎక్కిన పొట్టివాడిగా ఆదివారం బడి పిల్లలకు పాట నేర్పి వదిలేశాం. అతడి వృత్తి పిల్లలకు చెప్పం. సుంకపు గుత్తదారు, రోము ప్రభుత్వానికీ జనానికీ మధ్య నిలబడి రెండువైపులా తినే ఏజెంటు. యేసు అతడి ఇంటికి వెళ్లాడు, మందలించినట్టు ఎక్కడా లేదు. జక్కయ్య తనంతట తానే లేచి సగం ఆస్తి బీదలకన్నాడు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకు నాలుగంతలు అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాత వినబడింది, ముందు కాదు. లూకా ఆ వరుస ఊరికే రాయలేదని నేను నమ్ముతాను. నాలుగంతలనేది జక్కయ్య సొంతంగా కల్పించిన లెక్క కూడా కాదు. గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండంలో ఉంది.

దావీదు సంగతి ఎత్తి నాతో వాదించిన అన్నలున్నారు. 51వ కీర్తనలో దావీదు దేవుడికి మాత్రమే విరోధంగా పాపం చేశానన్నాడు కదా, మనుషుల లెక్క ఎక్కడుందని. ఎవరి భార్యను దావీదు తీసుకుని ఎవరిని చంపించాడో, ఆ ఊరియా అప్పటికే చనిపోయాడు, భార్యను తిరిగి తీసుకోవడానికి అతడు లేడు. ఆ పాపంలో భయంకరం అదే. పైగా నాతాను ప్రవక్త వచ్చి బీదవాడి ఆడ గొర్రెపిల్ల కథ చెప్పినప్పుడు, అది తన కథేనని తెలియక ముందు దావీదు ఇచ్చిన తీర్పు ఏమిటి? ఆ గొర్రెపిల్లకు ప్రతిగా నాలుగంతలు ఇవ్వాలని. న్యాయం ఏమిటో రాజుకు తెలుసు. మనకూ తెలుసు, ఆ కథ ఇంకొకరిది అయినంతసేపూ.

అసలు బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. రక్షణ కృపవల్ల, క్రియలవల్ల కాదు, సిలువ మీది దొంగ ఎవరికి ఏం తిరిగిచ్చాడు అంటారు. నిజమే. కృపను మనం కొనలేం. ఆ దొంగ చేతులకు మేకులున్నాయి. ఉన్న ఒక్క నోటితో తన శిక్ష న్యాయమేనని ఒప్పుకున్నాడు, పక్కన అన్యాయంగా చస్తున్నవాడి పక్షాన మాట్లాడాడు. అతడు చేయగలిగిందంతా చేశాడు. చేతులు ఖాళీగా ఉండి, నెల తిరిగేసరికి జీతం పడుతూ, ఎక్స్ఛేంజి ముందు వరుసలో నిలబడి ఊరికి డబ్బు పంపుకునేవాడు ఆ దొంగను సాక్షిగా పిలుచుకోకూడదు. తినేశాను, ఇప్పుడు నా దగ్గర లేదంటే, నెలకు పది దినార్లు పంపమందాం. ఆరిపోయే ఏడుపుకన్నా ఆ పది దినార్లు దేవుడికి దగ్గర.

కృప పేరెత్తినప్పుడల్లా లూథర్ పేరు చెబుతారు. 1517లో ఆయన రాసిన 95 వాదాల్లో మొదటిది విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలంటుంది, ఒక శుక్రవారపు సాయంత్రం కాదు. లోపలి మారుమనస్సు బయట కనబడకపోతే అసలు లేనట్టేనని మూడో వాదం. డబ్బిచ్చి పాపపరిహార పత్రాలు కొనుక్కోవడాన్ని ఆయన ఎదిరించాడు. మన కూటాల్లో పత్రాలు లేవు, వాటి చోట కన్నీళ్లు వచ్చాయి. ధర మారింది, మోసపోయిన మనిషి మాత్రం అప్పుడూ ఇప్పుడూ బయటే. ఈ విషయంలో మన కాథలిక్ సోదరుల బోధ మనకన్నా సూటిగా ఉంది. పాపసంకీర్తనం చేసినవాడు దొంగసొమ్మును సొంతదారుకు తిరిగి ఇవ్వాలని వాళ్ల ధర్మోపదేశం.

ఈ దేశంలో ఉన్నవాళ్లకు ఇంకోలా చెబుతాను. 2018లో, 2020లో, మళ్లీ 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అకామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, గడువు అయిపోయి దాక్కుని బతికినవాళ్లు, ఇల్లు వదిలి పారిపోయారని కేసు పడ్డవాళ్లు బయటికి వచ్చారు. రోజుకు రెండు దినార్ల చొప్పున పేరుకుపోయిన జరిమానా కట్టకుండా ఊరికి విమానం ఎక్కారు. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లేటప్పుడు ఒకావిడ కారు కిటికీకి తల ఆనించి దారంతా ఏడవడం నేను చూశాను. కృప అంటే ఏమిటో ఆ ముఖంలో ఉంది. అయితే ఆ క్షమాభిక్షలో ప్రభుత్వం వదులుకున్నది తనకు రావాల్సిన జరిమానా. ఎవరికైనా బాకీపడి కోర్టులో కేసు ఉండి, ట్రావెల్ బ్యాన్ పడ్డవాళ్లు ముందు దాన్ని తేల్చుకోవాల్సిందే. ఒకరి బాకీని ఇంకొకరు రద్దు చేయకూడదన్న సంగతి ఒక దేశపు హోం శాఖకు తెలుసు. మా పెద్దాయన మాత్రం ఆ కోనసీమ ఆవిడకు రావాల్సిన ఎనభై వేలనూ ఒక్క మాటతో కొట్టేశాడు.

క్షమించమని ఆవిడను అడగకూడదని నేననడం లేదు. ఆవిడ క్షమిస్తుంది కూడా, ఆవిడ మనసు నాకు తెలుసు. పదకొండు మంది గిన్నెలు తోమి, అర్ధరాత్రి దివానియాలో కూర్చున్న అతిథులకు టీ గ్లాసులు మోసి, మేడ మీది గదిలో ఆ ఇంటివాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి ప్రార్థించే మనిషి. కానీ ఆ క్షమ ఆవిడది. ఇస్తే ఆవిడ ఇవ్వాలి, అడగాల్సినవాడు ఎదురుగా నిలబడి అడగాలి. సాక్ష్యం చెప్పినాయన ఆ గదిలో గంటసేపు దేవుడితో మాట్లాడాడు, నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఆవిడ వైపు ఒక్కసారీ తల తిప్పలేదు. కొండమీది ప్రసంగంలో యేసు చెప్పిన వరుస వేరు. బలిపీఠం దగ్గర ఉండగా సోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. ఆరాధన మధ్యలో ఆపేసి వెళ్లమన్నాడు. దేవుడు కాచుకుని ఉంటాడు, ఆవిడ దగ్గరకు వెళ్లి రమ్మన్నాడు.

యోహానును జనం మేమేం చేయాలని అడిగినప్పుడు ఆయన చెప్పిన జవాబులు లూకా మూడో అధ్యాయంలో ఉన్నాయి. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. సుంకరులు నిర్ణయించినదానికి మించి తీసుకోకూడదు. సిపాయిలు ఎవరినీ బెదిరించి గుంజకూడదు, జీతంతో సరిపెట్టుకోవాలి. ఒక్కదానిలోనూ ఏడవమని లేదు. యోర్దాను ఒడ్డుకు మన వీసా ఏజెంట్లు వచ్చి అడిగి ఉంటే ఆయన ఏం చెప్పేవాడో ఊహించడం కష్టం కాదు.

పోయిన శుక్రవారం పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రుల్లో చూసినవాడు, చనిపోయినవాళ్లను ఊళ్లకు పంపించినవాడు. లేవీయకాండం ఆరో అధ్యాయం తెరిచి ముందు పెట్టాను. పొరుగువాడిని మోసం చేసినవాడు అసలు సొమ్ముకు ఐదో వంతు కలిపి, అపరాధ పరిహార బలి తెచ్చే రోజునే సొంతదారుకు ఇచ్చేయాలి. ముందు మనిషికి, ఆ తర్వాత యాజకుడికి. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. ఆ యాభై దినార్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయన్నాడు.

నేను ఒక కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చాను. అసలు ఎనభై వేలు. ఐదో వంతు పదహారు వేలు. మొత్తం తొంభై ఆరు వేలు. కింద ఆవిడ పేరు రాశాను.