మంచాన పడితే సేవ ఎవరిది?

బతుకుతెరువు కోసం పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలకు తరలిపోగా, మంచానికే పరిమితమైన వృద్ధుల ఆలనాపాలనా జీతానికి కుదిరిన సహాయకులపై పడుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10.38 కోట్లు.

ఈ సేవలో ఎవరి పాత్ర ఏమిటన్న స్పష్టత కుటుంబాల్లో కొరవడింది. సేవచేసే ప్రతి మహిళనూ ‘నర్సమ్మ’ అనడం పరిపాటి. వాస్తవానికి జీఎన్‌ఎం లేదా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారే స్టాఫ్‌నర్సులు. స్నానం చేయించడం, తినిపించడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, జ్వరం, వాపు వంటి మార్పులను గమనించి నర్సుకు తెలపడం సహాయకుల విధి. మందుల మోతాదు మార్చడం, ఇంజక్షన్ చేయడం, సెలైన్ ఎక్కించడం వారి పని కాదు. ఖర్చు కలిసివస్తుందని ఆ పనులూ అప్పగిస్తే రోగికి ప్రాణాపాయం, సహాయకురాలికి నిందా తప్పకపోవచ్చు.

నైపుణ్య శిక్షణ పథకాల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉన్నప్పటికీ, ఇళ్లలో పనిచేసేవారికి అది తప్పనిసరి కాదు. ఈ నేపథ్యంలో జీతం మాట్లాడుకునే నాడే చేయవలసినవి, చేయకూడనివి కాగితంపై రాసుకోవడం ఇరుపక్షాలకూ శ్రేయస్కరం.