అమ్మడమంటే అలుసు కాదు

"మా అమ్మాయి ఈ ఏడే బి.టెక్. పాసయింది. కాలేజీకి వచ్చిన ఒక పెద్ద విదేశీ కంప్యూటర్ కంపెనీ వాళ్లు సెలెక్ట్ చేసుకున్నారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. తీరా కాగితం చూస్తే అది సేల్స్ ఉద్యోగమట! 'నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివించింది సరుకులు అమ్మించడానికా?' అని మావారు మండిపడుతున్నారు. రేపు సంబంధాలు చూసేవాళ్లకు ఏమని చెప్పాలో నాకు తోచడం లేదు. అమ్మాయి మాత్రం చేరతానంటోంది. పది రోజుల్లో జవాబు చెప్పాలి. ఏం చేయమంటారు?"
– ఒక సోదరి, గుంటూరు

సోదరీ, సేల్స్ అనగానే మనందరి కళ్ల ముందూ కదిలేది ఒకటే బొమ్మ. మిట్టమధ్యాహ్నం, అన్నాలు తిని అలా నడుం వాల్చామో లేదో కాలింగ్ బెల్ మోగుతుంది. తలుపు తీస్తే మెడలో టై, చేతిలో సబ్బుపొడి ప్యాకెట్లతో చెమటలు కక్కుతూ ఒక కుర్రాడు. పాపం అనిపించి గ్లాసెడు మంచినీళ్లిచ్చి పంపేస్తాం. ఆ ఎండలో మన పిల్లను ఊహించుకోవాలంటే ఏ తల్లికి మనసొప్పుతుంది?

కానీ మీ అమ్మాయికి వచ్చిన ఉద్యోగం అది కాదు. అలాగని అందరూ ఊరించినంత పూలబాటా కాదు. పనేమిటో, జీతం ఎలా ఇస్తారో తెలుసుకుని అప్పుడు అవుననో కాదనో అనండి. "సేల్స్" అనే ఒక్క మాట విని మాత్రం కాదనకండి.

ఇంతకీ అమ్మేదేమిటి?

ఒక పాల డెయిరీ ఉందనుకుందాం. మూడొందల ఊళ్ల నుంచి రోజూ రెండు పూటలా పాలు వస్తాయి. ఏ రైతు ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత, ఎవరికి ఎంత బాకీ – ఈ లెక్కలన్నీ తెమలడానికి పది రోజులు పడుతోంది. ఈలోగా రైతులు విసుక్కుని పక్క డెయిరీకి పోతున్నారు. ఈ లెక్కలు ఏ పూటకాపూట తేల్చే సాఫ్ట్‌వేర్ మీ అమ్మాయి కంపెనీ దగ్గర ఉంది. డెయిరీ వాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆ రెండింటినీ కలపడమే ఆమె పని.

వెళ్లగానే "మా సరుకు భేషైనది, కొనండి" అంటే ఎవరూ కొనరు. ముందు డెయిరీ యజమానితో, లెక్కలు రాసే గుమాస్తాతో, కంప్యూటర్లు చూసుకునే మనిషితో మాట్లాడాలి. ఇబ్బంది ఎక్కడుందో వాళ్ల నోటితోనే చెప్పించాలి. తర్వాత సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చేసి చూపించాలి. దీన్ని డెమో అంటారు. ఆపైన ధర, బేరం, ఒప్పందం కాగితాలు. పెద్ద సంస్థల దగ్గర ఇదంతా ముగియడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది కూడా దాటుతుంది. ఇంజినీరింగ్ చదువు వృథా కాదా అన్నారు మీవారు. సరుకు లోపల ఏముందో తెలియని మనిషి ఈ నెలలన్నీ నెగ్గుకు రాలేదు. ఆ చదువు అక్కరకొచ్చేది అక్కడే.

ఇంకో సంగతి. ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ చాలావరకు అద్దె పద్ధతిలో అమ్ముతున్నారు. సొంతిల్లు కట్టుకోకుండా అద్దెకు దిగినట్టు, ఏడాదికింత అని కట్టి వాడుకుంటారు. గడువు తీరాక నచ్చకపోతే మానేస్తారు. అందుకని గోరంతలు కొండంతలు చేసి అంటగడితే ఏడాది తిరిగేసరికి ఆ బండారం బయటపడుతుంది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషికే ఈ పనిలో నిలకడ.

మొదటి మెట్టు

కొత్తగా చేరిన పిల్లలను మొదటిరోజే పెద్ద బేరాలకు పంపరు. సాధారణంగా "బిజినెస్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్" అనో, "సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్" అనో పేరుంటుంది. పేరు బారెడున్నా పని సూటిగానే ఉంటుంది. ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేయడం, ఈ-మెయిళ్లు పంపడం, అవసరం ఉన్నవాళ్లను వెతికి పై సేల్స్ వాళ్లతో మాటలు కుదర్చడం. ఫోన్లోనో వీడియోలోనో బేరం ముగించే పనిని "ఇన్‌సైడ్ సేల్స్" అంటారు. ఖాతాదారుల బాధ్యత మొత్తం మోసేవారు "అకౌంట్ ఎగ్జిక్యూటివ్". సాంకేతిక సందేహాలు తీర్చి డెమో చూపించేవారు "ప్రీసేల్స్" ఇంజినీర్లు. మీ అమ్మాయికి కంప్యూటర్ పని మీదే మక్కువ ఉంటే కొన్నాళ్లయ్యాక అటు మళ్లవచ్చు.

పెద్ద కంపెనీలో మొదలుపెట్టడం వల్ల అసలు లాభం శిక్షణ. సిస్కో కంపెనీ కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలకు ఏడాదిపాటు నేర్పే సేల్స్ అసోసియేట్ కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడిపింది. అందరూ అంతకాలం నేర్పరు. కొన్నిచోట్ల కొద్ది వారాలే. మీకెన్నాళ్లు నేర్పుతారని అడగడంలో తప్పులేదు.

ముందు నడిచినవాళ్లు

ఐ.బి.ఎమ్. కంపెనీని పెద్దది చేసిన థామస్ వాట్సన్ వయసులో ఉండగా బండి కట్టుకుని అమెరికా పల్లెల్లో పియానోలు, కుట్టుమిషన్లు అమ్మిన మనిషి. తర్వాత నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో అమ్మకాల మెళకువలు నేర్చుకున్నాడు. 1914లో ఆయన చేరిన కంపెనీకే 1924లో ఐ.బి.ఎమ్. అని పేరు పెట్టారు. కొనుగోలుదారులకు యంత్రాల వాడకం నేర్పడానికి కాలేజీ చదివిన అమ్మాయిలను తీసుకుని, 1935లో ఆ కంపెనీ ప్రత్యేకంగా తరగతులు మొదలుపెట్టింది. 1939లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్‌లో టైప్‌రైటర్లు చూపించే పనిలో చేరిన రూత్ లీచ్ 1943లో అక్కడ మొదటి మహిళా వైస్‌ప్రెసిడెంట్ అయింది.

జిరాక్స్ కంపెనీలో ఆన్ మల్కాహీ 1976లో ఆఫీసులు తిరిగి అమ్మే సేల్స్ ఉద్యోగినిగా చేరి, 2001లో ఆ కంపెనీకే సి.ఈ.ఓ. అయింది.

మన దేశంలో చూడాలంటే నీలం ధావన్ ఉన్నారు. 1982లో ఢిల్లీలో ఎం.బి.ఎ. పూర్తిచేసేనాటికి సేల్స్‌లోకి ఆడవాళ్లను తీసుకోవడానికి పేరున్న కంపెనీలే వెనుకాడేవి. ఆవిడ హెచ్.సి.ఎల్.లో చేరారు. 2005లో మైక్రోసాఫ్ట్ ఇండియాకు, 2008లో హెచ్.పి. ఇండియాకు మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. చేరిన ప్రతి అమ్మాయీ మేనేజింగ్ డైరెక్టర్ అవుతుందని కాదు. ఈ దారి గుమ్మం దగ్గరే ఆగిపోయేది కాదని చెప్పడానికే ఈ పేర్లు.

జీతం కాగితం చదవడం ఎలా?

ఇక్కడ మాత్రం మీరూ మీవారూ కళ్లజోడు పెట్టుకుని కూర్చోండి. మామూలు ఉద్యోగంలో నెల తిరిగితే ఇంత అని వస్తుంది. సేల్స్‌లో జీతం రెండు ముక్కలు. ఒకటి స్థిరమైనది, ఇంకోటి టార్గెట్ చేరితే వచ్చేది. రెండూ కలిపి పెద్ద అంకె ఒకటి వేస్తారు.

ఉదాహరణకు ఏడాదికి 10 లక్షలు అన్నారనుకోండి. అందులో 70 పాళ్లు స్థిరం, 30 పాళ్లు టార్గెట్ మీద అయితే, నమ్మకంగా వచ్చేది 7 లక్షలే. అంటే నెలకు సుమారు 58 వేలు. అందులోంచే ప్రావిడెంట్ ఫండ్, పన్ను పోతాయి. కంపెనీ కట్టే పి.ఎఫ్. వాటా, గ్రాట్యుటీ కూడా ఆ 7 లక్షల్లోనే కలిపి ఉంటే చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది. మిగిలిన 3 లక్షలు టార్గెట్ మొత్తం చేరితేనే. అరవై పాళ్లే చేరితే కొన్ని కంపెనీలు ఆ లెక్కన 1 లక్షా 80 వేలు ఇస్తాయి. ఒక గీత పెట్టి, అది దాటకపోతే ఏమీ ఇవ్వని కంపెనీలూ ఉన్నాయి. టార్గెట్ మించి అమ్మితే మించినదానికి ఎక్కువ రేటు కట్టి ఇచ్చేవీ ఉన్నాయి.

కనుక ఇంటద్దె, చదువు అప్పు వాయిదా, తమ్ముడి ఫీజు – ఇలాంటివన్నీ స్థిరమైన జీతంలోనే సరిపెట్టుకోవాలి. టార్గెట్ డబ్బు వచ్చినప్పుడు వచ్చినట్టు బ్యాంకులో వేసేయమనండి. చేతికి రాకముందే దాన్ని నమ్ముకుని ఫ్లాట్‌కు అడ్వాన్సులు ఇవ్వకండి.

కంపెనీ పంచాంగం

మనకు పండుగలున్నట్టే వీళ్లకు మూడు నెలలకొకసారి "క్వార్టర్ ఎండ్" వస్తుంది. ఆ చివరి రెండు వారాలు తిండీ నిద్రా ఒక వేళకు ఉండవు. సంవత్సరం ముగింపు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. అది కంపెనీకో తీరు. ఒరాకిల్‌కు మే 31, మైక్రోసాఫ్ట్‌కు జూన్ 30, సిస్కోకు జూలై ఆఖరు, సేల్స్‌ఫోర్స్‌కు జనవరి 31, ఐ.బి.ఎమ్.కు డిసెంబర్ 31. మీ అమ్మాయి కంపెనీకి ఎప్పుడో కనుక్కుని గోడమీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో ఫోన్ తీయలేదని అలగకండి. పెళ్లి ముహూర్తం పెట్టించేటప్పుడు పురోహితుడిగారికి ఆ తేదీలు కూడా చెప్పండి!

కష్టాల మాటా చెప్పుకోవాలి

రోజుకు యాభై ఫోన్లు చేస్తే నలభై మందైనా "వద్దు" అంటారు. కొందరు విసుక్కుంటారు. మొదట్లో పిల్లలు గదిలో కూర్చుని ఏడ్చిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు "నేను ముందే చెప్పానా?" అనే మాట మన నోటివెంట రాకూడదు. వాళ్లు వద్దన్నది సరుకును, పిల్లను కాదు. ఈ తేడా తెలియడానికి ఆరు నెలలు పడుతుంది.

వరసగా టార్గెట్లు తప్పితే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. పెద్ద కంపెనీ అయితే మాత్రం సర్కారీ కొలువులాంటి భద్రత ఉంటుందనుకోవద్దు. పైగా మొదటి మెట్టులోని పనులు – చిరునామాలు వెతకడం, ఈ-మెయిళ్లు రాయడం – ఇప్పుడు ఏ.ఐ. కూడా చేసిపెడుతోంది. అందుకని అక్కడే ఏళ్లు గడిపేయకుండా ఖాతాదారులతో నేరుగా మాట్లాడే పని తొందరగా అందుకోమని చెప్పండి. ఎదుటి మనిషి గొంతు బట్టి అతని మనసులో మాట పట్టుకోవడం ఎప్పటికీ పనికొచ్చే విద్య.

ఆడపిల్ల భద్రత సంగతి మీరు అడగకపోయినా నేను చెప్పాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండితీరాలి. పనిమీద వెళ్లిన చోటు, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ చట్టం దృష్టిలో పనిచోటే. చేరిన వారంలోనే కమిటీ సభ్యుల పేర్లు రాసి పెట్టుకోమనండి.

ఇంటర్వ్యూకి వెళ్లబోయే పిల్లలుంటే

ఈ శీర్షిక చదివే మిగతా తల్లులకు ఒక చిన్న ఉపాయం. ఇలాంటి ఇంటర్వ్యూల్లో "ఈ పెన్ను నాకు అమ్ము" అని అడగడం పాత అలవాటు. పిల్లలు వెంటనే పెన్నును పొగడడం మొదలుపెడతారు. "మీరు రోజూ ఏం రాస్తుంటారండీ? ఇప్పుడు వాడే పెన్నుతో ఇబ్బందేమైనా ఉందా?" అని ముందు అడగాలి. రాత్రి భోజనాలయ్యాక మీరు డెయిరీ యజమానిలా కూర్చోండి, అమ్మాయిని మాట్లాడించండి. పావుగంట చాలు. చీరల మూటవాడి దగ్గర మనం పెట్టే పేచీలన్నీ పెట్టండి. నాలుగు రోజులు ఇలా చేస్తే మాట తడబడడం తగ్గుతుంది.

సరే అనేముందు అమ్మాయి అడగవలసినవి

1. జీతంలో స్థిరమెంత, టార్గెట్ మీద ఎంత? కాగితం మీద ఇస్తారా?
2. మొదటి ఏడాది టార్గెట్ ఎంత? నేర్చుకునే నెలల్లో తగ్గిస్తారా?
3. పోయిన ఏడాది ఆ బృందంలో ఎంతమంది టార్గెట్ చేరారు? (ఈ ప్రశ్నకు నీళ్లు నమిలితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.)
4. శిక్షణ ఎన్నాళ్లు? తర్వాతి మెట్టుకు మామూలుగా ఎంతకాలం పడుతుంది?
5. ఏ ఊళ్లో ఉద్యోగం? ప్రయాణాలు ఎన్ని? ఖర్చులు ముందే ఇస్తారా, తర్వాతా?
6. అమెరికా, యూరప్ ఖాతాదారులైతే రాత్రి షిఫ్టా? రాకపోకలకు క్యాబ్ ఉందా?
7. చేరినప్పుడు ఇచ్చే బోనస్, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలా?
8. టార్గెట్ మీద ఉన్న మనిషి ప్రసూతి సెలవుకు వెళితే ఆ నెలల లెక్క ఏం చేస్తారు? (2017 నుంచి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు చట్టంలోనే ఉంది.)

మరో హెచ్చరిక. ఉద్యోగం ఇస్తామని డిపాజిట్టో, ల్యాప్‌టాప్ ఖర్చో, శిక్షణ రుసుమో ముందు కట్టమంటే అది మోసమే. ఏ పెద్ద కంపెనీ అయినా జీతం ఇస్తుంది గానీ పిల్లల దగ్గర డబ్బు గుంజదు.

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబులొచ్చి, స్థిరమైన జీతంతో అమ్మాయి ఖర్చులు గడిచిపోతాయనిపిస్తే నిశ్చింతగా పంపండి. రాకపోతే, కంపెనీ పేరు ఎంత గొప్పదైనా వద్దనండి. ఇక సంబంధాల వాళ్లు అడిగితే దాచడానికేముంది? "మా అమ్మాయి కంప్యూటర్ కంపెనీలో సేల్స్ చేస్తోంది" అని తలెత్తుకుని చెప్పండి. ఆ ఒక్క మాటకే మొహం ముడుచుకునే ఇల్లైతే, ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం ఒకందుకు మంచిది.