శత్రువు దస్త్రంలో దొరికిన సత్యం

యుద్ధంలో ఎన్ని విమానాలు కూలినవన్న ప్రశ్నకు సమాధానం ఒక్కటే ఉండవలెను. కాని ప్రతి యుద్ధానంతరమూ రెండు సమాధానాలు మిగులుతున్నవి. 1940 సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండు గగనతలంలో 185 జర్మను విమానాలను కూల్చినట్లు బ్రిటిషువారు ప్రకటించినారు. యుద్ధం ముగిసి జర్మను దస్త్రాలు చేతికి చిక్కిన తరువాత ఆ సంఖ్య అరవై దరిదాపులకు దిగినది. ఆ సంవత్సరం జూలై నుండి అక్టోబరు వరకు సాగిన పోరాటమంతటిలో బ్రిటిషువారు చెప్పుకొన్నవి 2,698. జర్మను లెక్కలలో తేలినవి 1,733. జర్మనులు తాము కూల్చినవి మూడువేలకు పైగా అన్నారు. బ్రిటిషు ఫైటరు దళానికి నష్టమైనవి 915.

దీనినంతటినీ బొంకుగా కొట్టివేయుట న్యాయం కాదు. ఆకాశ యుద్ధం క్షణాలలో ముగిసిపోవును. ఒకే విమానంపై ముగ్గురు గుండ్లు కురిపించి, అది కూలగా చూచి, ముగ్గురూ తమ ఖాతాలో వ్రాయించుకొందురు. పొగలు కక్కుతూ మబ్బులలో మునిగినది కూలినదే యనిపించును. అది క్షేమంగా ఇల్లు చేరి ఉండవచ్చును. అందుచేత గెలుపుల పట్టికకంటె నష్టాల పట్టికయే సాధారణంగా నమ్మదగినది. పోయినదానికి బదులు మరొక విమానం తెప్పించుకొనవలెనన్న, పోయినది పోయినట్లు వ్రాయక తప్పదు. అయితే దానికీ మెలికలున్నవి. ఏ మేరకు దెబ్బతిన్నదానిని నష్టమనవలెను? అరవై శాతమూ, అంతకు మించీ చెడినదానిని జర్మనులు పూర్తి నష్టంగా పరిగణించిరి. కొలమానం తెలియనిదే అంకెకు అర్థం లేదు.

శత్రువుల దస్త్రం మన గొప్పను తగ్గించుటకే పనికివచ్చునని కొందరి భయం. ఆ భయానికి సమాధానం మన దేశ చరిత్రలోనే ఉన్నది. 1965 సెప్టెంబరు 7వ తేదీన భారత వైమానిక దళం పాకిస్థానులోని సర్గోధా స్థావరంపై దాడి చేసినది. ఆ దాడిలో మిస్టేర్ విమానం నడిపిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య తిరిగి రాలేదు. ఆయన ఏమైనాడో సహచరులెవ్వరూ చూడలేదు. ఆచూకీ తెలియనివారి జాబితాలో ఆయన పేరు చేరినది.

పాకిస్థాన్ వైమానిక దళం వద్దనున్న సమాచారం ఆధారంగా జాన్ ఫ్రికర్ అను ఆంగ్ల రచయిత వ్రాసిన గ్రంథం 1979లో వెలువడినది. ఆనాడు తమ స్టార్‌ఫైటర్ ఒకటి మిస్టేర్‌తో తలపడి కూలినదనియు, దాని చోదకుడు గొడుగు సాయంతో ప్రాణాలు దక్కించుకొన్నాడనియు అందులో తెలిసినది. మిస్టేర్‌కంటె ఎంతో వేగవంతమైన విమానమది. తిరిగి వచ్చిన మన చోదకులలో దానిని కూల్చితిమన్నవారు ఎవ్వరూ లేరు. ఆ ఘనకార్యం దేవయ్యదేనని విచారణలో నిశ్చయమైనది. 1988లో, ఇరువది మూడేండ్లకు, ఆయనకు మరణానంతరం మహావీరచక్రం లభించినది.

ఇందులోని పాఠం గమనింపదగినది. గెలుపును చెప్పుకొనగలవాడు బ్రతికి వచ్చినవాడే. చనిపోయినవానికి సాక్షి శత్రువు తప్ప వేరొకరుండక పోవచ్చును. కనుక రెండు పక్షాల దస్త్రాలను సరిపోల్చినపుడు కొందరి కీర్తి తగ్గును. కొందరికి చెందవలసిన కీర్తి చెందును.

తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించు పండితుడు ఇంటనున్న ఒక్క ప్రతినే నమ్మి పాఠం నిర్ణయింపడు. పొరుగూరి ప్రతినీ తెప్పించి, పాఠభేదాలు గుర్తించి, లేఖకుని పొరపాటు ఎక్కడ దొర్లెనో విచారించును. యుద్ధ చరిత్రకారునికీ అదే మార్గం. అందుకు ప్రభుత్వాలు పాత దస్త్రాలను జంకులేక తెరచి ఉంచవలెను. దేవయ్యవలె తిరిగి రానివారు ప్రతి యుద్ధంలోనూ ఉన్నారు. వారి కడపటి క్షణాల వృత్తాంతం సరిహద్దు కావలి బీరువాలో పడి ఉండగా, వారి ఇండ్లవారు ఎదురుచూచుచుండుట ఏ దేశానికీ గౌరవం కాదు.