తుపాను హెచ్చరికలు – నెల్లూరు తీరము

కార్తికమాసము వచ్చినదనిన నెల్లూరు తీరవాసులు తూర్పుదిక్కును ఒక కంట కనిపెట్టుచుందురు. ఈ మండలమునకు నైరుతి ఋతుపవనముకంటె ఈశాన్య ఋతుపవనము తెచ్చు వర్షమే ముఖ్యము. చెఱువులు నిండుటయు, పైరు నిలుచుటయు దానిపైననే ఆధారపడియున్నవి. కాని ఆ వర్షమును తెచ్చు వాయుగుండమే ఒక్కొక యేట తుపానై ఇండ్లను, పశువులను, మనుష్యులను తీసికొనిపోవుచున్నది. కావున తుపాను హెచ్చరిక ఈ తీరమున ప్రాణములతో ముడివడిన విషయము. నేడు ఆ హెచ్చరిక మన చేతిఫోనునకే వచ్చుచున్నది. దీనివలన మన బాధ్యత తీరినదా, లేక పెరిగినదా యను ప్రశ్నను తీరమండలములందలి విద్యావంతులు విచారింపవలసియున్నది.

మొదట ఏర్పాటు ఎట్టిదో తెలిసికొందము. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పక్షమున, కేంద్రప్రభుత్వపు టెలికాం పరిశోధన సంస్థయగు సీ-డాట్ ‘సచేత్’ అను వ్యవస్థను నిర్మించినది. వాతావరణశాఖ మున్నగు సంస్థలు చేయు హెచ్చరికలు దీనిద్వారా ఆయా ప్రాంతములలోని ఫోనులకు సంక్షిప్త సందేశములుగా పోవును. సచేత్ యాప్‌ను ఫోనులో దింపుకొని, తమకు కావలసిన ప్రాంతమును ఎంచుకొని నమోదు చేసికొన్నవారికి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో సమాచారము లభించును. ఇదిగాక ‘సెల్ బ్రాడ్‌కాస్టు’ అను మఱియొక పద్ధతి గలదు. ఇందు నంబరుతో పనిలేదు, నమోదుతో పనిలేదు. టవరు తన పరిధిలోని ఫోనులన్నిటికిని ఒక్కమాఱే సందేశమును వెదజల్లును. ఆ సౌకర్యముగల ఫోను బిగ్గరగా మ్రోగి, కంపించి, సందేశమును తెరమీద నిలుపును. 2023లో దేశమున పలుతావుల దీనిని పరీక్షించినపుడు ఆ మ్రోతకు జనులు ఉలికిపడిరి. అట్టి మ్రోత మఱల వినబడకుండ ఫోనులోని అమరికను ఆపివేసికొనుట సులభమే. కాని ఆపినవాడు, అర్ధరాత్రమున తలుపుతట్టు తలారిని మా యింటికి రావలదని చెప్పినవానితో సమానుడు.

ఈ ఏర్పాటు విలువ తెలియవలెనన్న గతమును జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. 1864 నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమును ఉప్పెన ముంచినపుడు సుమారు 30,000 మంది మృతినొందిరని లెక్క. భారత వాతావరణశాఖ 1875లో గాని ఏర్పడలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించునాటికి రేడియో గలదు. ఉపగ్రహ చిత్రములు గలవు. విశాఖపట్టణమున 1974లో నెలకొల్పిన తుపాను హెచ్చరిక కేంద్రమును గలదు. అయినను సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది గతించిరి. తుపాను వచ్చుచున్నదను మాట బయలుదేరినది. సముద్రమే ఊళ్ళమీదికి వచ్చును, లేచి పొండు అను మాట మాత్రము పల్లెలకు చేరవలసిన రీతిని చేరలేదు. 1990 మే 9న కృష్ణాతీరమును తాకిన తుపాను దానికి తీసిపోవునది కాదు. కాని అప్పుడు ముందుగానే లక్షన్నరకు పైగా జనులను తరలించిరి. మృతుల సంఖ్య వేయి లోపల నిలిచెను. ఈ పదుమూడేండ్లలో గాలి మెత్తబడలేదు. మాట చేరుటయు, విన్నవారు కదలుటయు మెఱుగుపడినవి.

నెల్లూరు తీరమునకు దూరపు దృష్టాంతములతో పనిలేదు. 1989 నవంబరున థాయిలాండు భూశిరమును దాటి, బంగాళాఖాతమునంతయు నడచివచ్చిన ప్రచండమైన తుపాను కావలి చెంతనే తీరము దాటినది. 2004 డిసెంబరు 26న సుమత్రా చెంత భూమి కంపించిన రెండు గంటలకు పైగా గాని సునామీ కెరటములు మన తీరమును తాకలేదు. ఆ రెండు గంటలును వ్యర్థమయ్యెను. ఏలయనగా హిందూమహాసముద్రమునకంతకును సునామీ హెచ్చరిక ఏర్పాటు నాడు లేనేలేదు. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థలో అట్టి కేంద్రము 2007లో వెలసినది. నేడు ఆ రెండు గంటలును మన చేతిలోనికి వచ్చినవి. వానిని వినియోగించుకొనుటయే మన పని.

హెచ్చరికను అందుకొనుటయేగాక చదువుటయు నేర్వవలయును. తుపాను తీరము దాటు తావు పేరు విని, అది మన ఊరు కాదని నిశ్చింతగా నుండుట పెద్ద పొరపాటు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. కాని అంతకుముందు అది నెల్లూరు తీరమును ఒరసికొనుచు ఉత్తరమునకు నడచినది. బాపట్ల యను పేరు విని నెల్లూరువాడు ఊరకుండ తగునా? ఆపద తూర్పునుండియే వచ్చుననుటయు సరికాదు. 2021 నవంబరు 19న కడప సీమలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామములను తుడిచిపెట్టినది. హెచ్చరిక సకాలమున తమకు చేరలేదని బాధితులు మొఱపెట్టుకొనిరి. చెయ్యేటి నీరు పెన్నలో కలియును. ఆ దినములలో పెన్న పొంగి నెల్లూరు చెంత పడుగుపాడువద్ద రైలుమార్గమును, జాతీయ రహదారిని కూడ దెబ్బతీసినది. కావున పెన్నయొడ్డున నున్నవారు తమ జిల్లాతోబాటు కడప సీమ హెచ్చరికలకు కూడ నమోదు కావలయును. జిల్లాల హద్దులు 2022లో మారినవి. నీటికిని గాలికిని ఆ హద్దులు తెలియవు.

ఇక ఫోనునకు గల పరిమితులను దాచక చెప్పుకొందము. ఫోనునకు టవరు ఆధారము; టవరునకు విద్యుత్తు ఆధారము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు అంతటి మహానగరమునందే విద్యుత్తుతోబాటు ఫోనులును మూగవోయినవి. తీరమును విడిచి కొంతదూరము పోయిన పడవకు టవరు అందనే అందదు. ఈ యవస్థను మన పూర్వపు ఓడరేవుల పద్ధతి చక్కగా గుర్తించినది. రేవులలో తుపాను తీవ్రతనుబట్టి ఒకటవ నంబరు మొదలు ప్రమాదసూచికలను ఎగురవేయుదురని పాఠకులెఱుగుదురు. వానిలో కడపటిది 11వ నంబరు. వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, ప్రమాదము రాగలదని స్థానికాధికారి తలచుచున్నాడు, అని దాని అర్థము. అనగా వార్త రాకుండుటయే ఒక హెచ్చరికగా అచ్చట పరిగణింపబడినది. చేతిఫోనునకు 11వ నంబరు లేదు. టవరు కూలిన పిమ్మట అది ఊరకుండును. ఆ మౌనమును క్షేమవార్తగా భ్రమించినవాడు చెడును. వాయుగుండము సముద్రమునందు ఉండగా ఫోను మూగవోయినచో, అదియే 11వ నంబరు సూచిక యని ఎంచుకొని మెఱకకు కదలవలయును.

ఇంతకంటె ముఖ్యమైన పరిమితి మఱియొకటి కలదు. ఫోను గలవానికే ఫోను మ్రోగును. నెల్లూరు తీరమున బకింగ్‌హాం కాలువకును సముద్రమునకును నడుమ ఎన్నియో పట్టపుపాలెములు గలవు. వారు మెఱకకు రావలెనన్న కాలువ దాటవలయును. నీరు పొంగిన పిమ్మట దాటుట దుర్ఘటము. కనుక వారికి గంట ముందు వినుటకును, గంట వెనుక వినుటకును చావుబ్రతుకుల భేదము కలదు. రొయ్యలగుంటల గట్లమీద పాకలలో రేయింబవళ్ళు కాపలాయుండు యానాదుల సంగతి యేమి? వారిలో ఫోను లేనివారు కలరు. ఉన్నను మీటల ఫోనే గాని యాప్ దిగునది కానివారు కలరు. వచ్చిన సందేశమును చదువలేనివారు కలరు. ఆ గుంట యెవరిది? పట్టణమున మేడలో నిదురించుచు, సచేత్ సందేశమును అందఱికంటె ముందుగా చదువుకొను ఆసామిది. ఆయన సందేశము చదివి, ఏరేటర్లు కొట్టుకొనిపోకుండ చూడుమని కాపలావానికి ఫోను చేయునా, లేక పాక విడిచి పెండ్లాముబిడ్డలతో తుపాను ఆశ్రయమునకు పొమ్మని చేయునా? ఈ పత్రికను చదువు భూస్వాములను మేము అడుగదలచిన ప్రశ్న ఇదియే. ఒక సరకు పోయిన మఱియొక సరకు వేయవచ్చును. కాపలాకాయుచు కొట్టుకొనిపోయిన మనిషికి బదులు ఏ బీమాకంపెనీయు ఇవ్వజాలదు.

కావున నమోదు చేసికొనుట యనునది మన యింటితో ముగియు పని కాదు. ప్రతి ఆసామియు తన పొలమునందును, గుంటలయందును పనిచేయువారి పేళ్ళను వ్రాసికొని, ఫోను గలవానికి అమరిక సరిచూచి, లేనివానికి ఎవరు పోయి చెప్పవలయునో ముందే నిర్ణయింపవలయును. ఒక్కొక పాలెమునకు ఇద్దఱు యువకులు బాధ్యత వహించి, సందేశము వచ్చిన వెంటనే గుడిమైకునందో, మసీదు మైకునందో, చర్చి మైకునందో దానిని తెలుగున చదివి వినిపింపవలయును. తుపాను ఆశ్రయపు తాళపుచెవి ఎవరివద్ద నున్నదో గాలి లేవకముందే తెలియవలయును. సహాయమునకు 112, 1070 అను నంబరులను గోడమీద వ్రాసియుంచుట తక్కువ పని గాని, తక్కువ ప్రయోజనము కాదు.

ప్రభుత్వమువారి విధియు స్వల్పమైనది కాదు. సందేశము శాస్త్రజ్ఞుల పరిభాషలో గాక, ఏ మండలము, ఏ పాలెము, ఎప్పటిలోగా, ఎచ్చటికి పోవలయునో తేటతెలుగున చెప్పునదిగా నుండవలయును. చిన్నవానకును పెద్ద తుపానునకును ఒకేరీతి మ్రోత మ్రోయించినచో, ‘నాన్నా పులి’ యని మాటిమాటికి కేకవేసిన బాలుని కథయే పునరావృత్తమగును. తీరప్రాంతపు టవరులకు విద్యుత్తు పోయినను నడచు ఏర్పాటు ఉండవలయును. అన్నిటికంటె మిన్నగా, ఫోను వచ్చినదని పాత సాధనములను పాఱవేయరాదు. వైర్‌లెస్సు, సైరను, దండోరా, రేవులోని సూచిక – ఇవి యన్నియు ఒకదాని కొకటి తోడు. ఇన్ని లక్షల సందేశములు పంపితిమని చెప్పుకొనుట ఘనత కాదు. పంపిన సందేశములనుగాక, మెఱకకు చేరిన మనుష్యులను లెక్కింపవలయును.

తుపానును ఆపు శక్తి మనకు లేదు. అది వచ్చుచున్నదని మూడుదినములు ముందుగా తెలిసికొను శక్తి నేడు మనకు లభించినది. మన తాతలకు లేని ఈ భాగ్యమును జేబులో పెట్టుకొని, కాలువ కావలనున్న పొరుగువానికి చెప్పకుండుట మహాపరాధము. రాబోవు వాయుగుండమునకు ముందే పాఠకులు తమ ఫోనును సరిచూచుకొందురుగాక. పిమ్మట తమ గుంటగట్టు మీది పాకకు పోయి అచ్చటివాని ఫోనును సరిచూతురుగాక. ఈ రెండవ పనియు జరిగిననాడే నెల్లూరు తీరమునకు హెచ్చరిక నిజముగా అందినదని చెప్పవచ్చును.