ఆదరణ ఒక పూట వ్యవహారమా?

మా కర్నూలు, కడప ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలలో ఎవరైనా గతించినప్పుడు, భూస్థాపన అయిన కొద్ది దినాలకు ‘ఆదరణ కూడిక’ జరుపుతారు. షామియానా వేస్తారు, మైకు పెడతారు. నలుగురు బోధకులు వాక్యం చెబుతారు. అందరికీ భోజనాలు. (ఆ భోజనాల ఖర్చు అప్పుచేసి భరించేది ఆదరణ పొందవలసిన ఆ ఇల్లే అన్నది వేరే సంగతి.) మరునాటి నుండి ఆ గడప తొక్కేవారుండరు. నా అభియోగం దీని మీదనే.

తెలుగు పండితుణ్ణి గనుక ముందు మాట సంగతి చూస్తాను. సంస్కృతంలో ‘ఆదరము’ అంటే గౌరవము, శ్రద్ధ. తెలుగు బైబిలులోని యోహాను సువార్త పరిశుద్ధాత్మను ‘ఆదరణకర్త’ అంటుంది. దాని గ్రీకు మూలపదానికి, ప్రక్కన నిలుచుటకు పిలువబడినవాడు అని అర్థం. ప్రక్కన నిలిచేవాడన్నప్పుడు, ఎంతకాలం నిలిచాడన్న ప్రశ్న రాక మానదు. ఒక పూట ఉండి వెళ్ళేవానిని మనం చుట్టపుచూపుగా వచ్చినవాడంటాము.

ఈ సీమలో కొన్ని మరణాలకు మామూలు ఓదార్పు చాలదు. ముఠాకక్షలలో నరకబడినవాని భార్య, వేరుసెనగ పైరు ఎండి పురుగుమందు త్రాగినవాని భార్య: ఈ ఇద్దరి దుఃఖంలోనూ శోకంతో పాటు భయము, అవమానము, కోపము కలగలిసి ఉంటాయి. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పుడు మా కక్షలను చూసి తెలుగునాడంతా ఈలలు వేసింది. నిజమైన బాంబు మ్రోత విన్న పిల్లవాడు దీపావళి నాడు మంచం క్రింద దూరడం మాత్రం నేను చూసిన ఏ సినిమాలోనూ లేదు. 2004లో ప్రభుత్వం జీవో 421 ఇచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు అన్నది. తరువాత ఆ మొత్తం పెరిగింది. దానికి కాగితాలు కావాలి, విచారణ కావాలి. సరే, ప్రభుత్వం కాగితం అడుగుతుంది. సంఘం ఏమడుగుతుంది? సాక్ష్యం!

ఆరు నెలలు తిరగకముందే ఆమెను నిలబెట్టి, ప్రభువు తన కన్నీరు తుడిచాడని చెప్పమంటారు. తుడవలేదు, రాత్రిళ్ళు నిద్ర రాదు అని చెప్పే వీలు ఆ మైకు ముందు లేదు. చెబితే ‘విశ్వాసం చాలదమ్మా’ అంటారు. కన్నీరు అవిశ్వాసమని ఎక్కడ వ్రాసి ఉన్నది? కీర్తనల గ్రంథం నిండా మొరలే. విలాపవాక్యములని ఒక గ్రంథమే ఉన్నది. లాజరును మరికొద్దిసేపటిలో లేపబోతూ కూడా యేసు ఏడ్చాడు. యోబు మిత్రులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు విప్పక అతనితో నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పిన తరువాత వారూ మన బోధకులే అయ్యారు.

చావు కోరుకున్న ఏలీయా కథ రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఉన్నది. అతడు కూర్చున్న చెట్టును మన అనువాదకులు బదరీవృక్షమన్నారు. బదరి అంటే రేగు. హెబ్రీ మూలంలోనిది వేరొక ఎడారి పొద. అయినా మా మెట్టచేల గట్ల మీది రేగుకంపను ఎరిగినవారికి ఈ అనువాదం ముద్దుగానే ఉంటుంది. అక్కడ దూత అతనిని గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. నిద్రపోనిచ్చాడు. మళ్ళీ లేపి, మళ్ళీ పెట్టాడు. ‘ఇక్కడేమి చేస్తున్నావు’ అన్న ప్రశ్న వచ్చినది నలుబది దినాల ప్రయాణం తరువాతనే.

ఇక ‘మందులు వద్దు, ప్రార్థన చాలు’ అనేవారిని ఒకటి అడుగుతాను. లండన్ మిషను వారు జమ్మలమడుగులో సువార్త చెప్పి ఊరుకున్నారా? క్యాంప్‌బెల్ ఆసుపత్రి కూడా కట్టారు. చలిజ్వరానికి మందు అవిశ్వాసం కానప్పుడు, మూడేళ్ళుగా నిద్రలేని తల్లికి మందు అవిశ్వాసమెలా అవుతుంది? ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. చట్టానికున్న కనికరం కొన్ని వేదికలకు లేదు. 2022 నుండి 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ వారి సహాయం తెలుగులోనూ దొరుకుతున్నది. ఆ అయిదంకెలు ఆదివారపు ప్రకటనలలో చదివితే ప్రార్థనకు వచ్చే లోటేమిటి?

ప్రార్థన వ్యర్థమని నేననడం లేదు. ఒంటరిగా పడుకోలేని ఒక విధవరాలి ఇంటికి, ప్రక్క వీధి సహోదరి నాలుగు నెలల పాటు రాత్రిపూట చాప తెచ్చుకుని వచ్చేది. ఇద్దరూ కలిసి ఒక పాట పాడుకునేవారు. తెల్లవారి ఆమే సంగటి కెలికి పెట్టి తన ఇంటికి పోయేది. ఆమెను ఏ వేదిక మీదికీ ఎవరూ పిలవలేదు.

మా సంఘపు రిజిస్టరులో ఆ విధవరాలి పేరుకెదురుగా చందా కట్టిన నెలలన్నీ ఉన్నాయి. సంఘం తరఫున ఆమె ఇంటికి ఎవరు ఎప్పుడు వెళ్ళారో వ్రాయడానికి గడి లేదు. జనవరికి కొత్త రిజిస్టరు కుట్టిస్తారట. గడి ఒకటి అదనంగా గీయించమని వ్రాసి ఇచ్చాను.