నాలుగు రూపాయల వడ్డీ

క్రెడిట్ కార్డుల సంగతి ఎత్తితే చాలు, మగమహారాజులంతా ఒక్కమాటే అంటారు: "అంతా మీ ఆడవాళ్ళ చీరల మోజు!" ఈ మాట ఖమ్మంలో పెళ్ళిపందిట్లో విన్నాను, భద్రాచలం వెళ్ళే బస్సులో విన్నాను. చదువుకున్న పెద్దమనుషులు మైకు ముందు నిలబడి అనగా కూడా విన్నాను. ఇది పచ్చి అబద్ధమని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మనం చీరలు కొనమని కాదు. కొంటాం, బేరమాడి మరీ కొంటాం. కాని నెలల తరబడి తీరని ఆ బిల్లుని ఈ మహానుభావులు ఒక్కసారైనా పూర్తిగా చదివారా? చీర అందులో ఎక్కడో ఓ మూల ఉంటుంది. మిగతాదంతా పిల్లవాడి కాలేజీ ఫీజు, అత్తగారి మోకాళ్ళ స్కానింగు, జీతానికి పదిరోజుల ముందు తెచ్చిన కిరాణా, బండికి పోసిన పెట్రోలు. చీర కంటికి కనిపిస్తుంది, పెట్రోలు కనిపించదు. నింద మాత్రం కనిపించేదాని మీద పడుతుంది.

భద్రాచలంలో నాకు తెలిసిన టీచరమ్మ ఒకావిడ ఉంది. గవర్నమెంటు ఉద్యోగం కనక కార్డు బతిమాలి మరీ ఇచ్చారు. దాంతోపాటు భర్తకి ఓ అనుబంధ కార్డు. ఆయన చిన్నచిన్న కంట్రాక్టులు చేస్తాడు. రావలసిన డబ్బు ఆగినప్పుడల్లా సిమెంటుకీ ఇసకకీ ఆ కార్డే గీకాడు. ఫోన్లు మాత్రం ఆవిడకి, అదీ స్టాఫ్‌రూములో నలుగురి మధ్య. "నేను దానిమీద కొన్నది రెండు జతల చెప్పులక్కా, ఒట్టు," అంది. అనుబంధ కార్డు ఎవరి చేతిలో ఉన్నా, బాకీ అసలు కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళదే. సిబిల్ మచ్చ కూడా వాళ్ళదే. ఈ ముక్క ఆవిడకి మొదటి ఫోను వచ్చేదాకా తెలియదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, అంతే. దీన్నేనా మోజంటారు?

వడ్డీ లెక్క మన వైపు ఓనమాలు రాని ముసలమ్మకి కూడా నోటికొచ్చు. నూటికి నెలకి రూపాయి అయితే ధర్మవడ్డీ. రెండు రూపాయలంటే లోకంలో ఉన్నదే. మూడంటే కాస్త ఆలోచిస్తుంది. నాలుగంటే "వాడి మొహం చూడొద్దు పొమ్మను" అంటుంది. కార్డులవాళ్ళు ఈ భాష మాట్లాడరు. "లిమిటు" అంటారు, "మినిమం డ్యూ" అంటారు. చాలా కార్డుల మీద వడ్డీ నెలకి నూటికి మూడున్నర దాకా ఉంది. దానిమీద 18 శాతం జీఎస్టీ. వెరసి నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ! అప్పు అన్న మాటే ఎక్కడా వినిపించదు గనక మనకి గుండె ఝల్లుమనదు.

కాగితం, పెన్సిలూ తీసుకోండి. బిల్లు 40,000 వచ్చింది. కనీసం కట్టవలసింది అయిదు శాతం, అంటే 2,000. కట్టేసి హమ్మయ్య అనుకున్నారు. మిగిలిన 38,000 మీద నెలకి వడ్డీ 1,330, పన్ను మరో 239. ఏతావాతా మీరు చెల్లించిన 2,000లో 1,570 దాకా వడ్డీకే చెల్లు. అసలు తగ్గింది 430 రూపాయలు. అంతటితో అయిందా? పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి వడ్డీలేని గడువు ఉండదు. ఈవేళ కొన్న పాలపొడి డబ్బాకి ఈవేళ్టి నుంచే వడ్డీ. కార్డు పెట్టి ఏటీఎంలో నోట్లు తీస్తే, పాతబాకీ ఉన్నా లేకపోయినా, మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు.

నాకు ఒళ్ళు మండేది ఇంకో సంగతికి. చేతి గాజులు బ్యాంకులో కుదువపెట్టడమంటే మనకి నామోషీ. ఎవరైనా చూస్తారేమోనని కొంగు కప్పుకుని వెళతాం. బంగారం మీద బ్యాంకు వేసే వడ్డీ సాధారణంగా నెలకి రూపాయి దాటదు. నాలుగు రూపాయల కార్డేమో హోదా! దుమ్ముగూడెం, చర్ల వైపు పొదుపు సంఘాల్లో కోయ ఆడవాళ్ళున్నారు. బ్యాంకులు మహిళా సంఘాలకి మూడు లక్షల దాకా ఏడాదికి 7 శాతానికి ఇస్తున్నాయి. డిగ్రీలున్న మనం అదే ఏడాదికి 42 శాతం, పన్ను అదనం. అమాయకులెవరో మీరే తేల్చండి.

ఈ గోదావరి ఒడ్డుకి అప్పు కొత్తేమీ కాదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940ల మొదట్లో ఇక్కడి కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో పుస్తకం అచ్చువేశాడు. కలప వర్తకులు అడ్వాన్సు ఇచ్చేవారు. అది తీర్చడానికి రెడ్లు ఏళ్ళ తరబడి అడవిలో వెదురు నరికేవారు. లెక్క వర్తకుడి పుస్తకంలో ఉండేది, చదవడం వీళ్ళకి రాదు. ఏటా ఎంతో కొంత తీరుతూనే ఉండేది, బాకీ మాత్రం అలాగే ఉండేది. మన "మినిమం డ్యూ"కి ఇది అక్కగారు కాదూ? ఆ తర్వాత ఏజెన్సీలో వడ్డీవ్యాపారులని అదుపుచేయడానికి 1960లో ప్రత్యేక నిబంధనే తెచ్చారు. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్సు కంపెనీల ఆగడాలకి ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటుంటే, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారంవారం వసూళ్ళకి అడ్డుకట్ట వేసింది. అడవిలో కూలీకీ, పల్లెలో ఆడదానికీ కనీసం ఓ చట్టమంటూ వచ్చింది.

మనకేమొచ్చింది? ఏడాదికి 30 శాతం దాటి కార్డు వడ్డీ గుంజడం అన్యాయ వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అంది. బ్యాంకులు సుప్రీంకోర్టుకెక్కాయి. 2024 డిసెంబరులో ఆ తీర్పుని సుప్రీంకోర్టు కొట్టేసింది. వడ్డీ సంగతి చూడవలసింది రిజర్వు బ్యాంకట, కార్డులవాళ్ళకి షరతులన్నీ తెలిసే ఉంటాయట. కోర్టువారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను: చీమతలకాయంత అక్షరాల్లో అచ్చువేసినదాన్ని ఆ టీచరమ్మకి చదివి చెప్పిందెవరు?

భద్రాచలం పేరెత్తి రామదాసుని తలుచుకోకపోతే పాపం. ఆయన నేలకొండపల్లి గోపన్న, తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలకి వెళ్ళాడు. జైల్లో కూర్చుని ఒక కీర్తనలో ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంతయిందో పేరుపేరునా ఏకరువు పెట్టాడు. అంత వివరమైన బిల్లు ఈనాటి బ్యాంకులు కూడా పంపవు. ఆరు లక్షలూ రామలక్ష్మణులే తీర్చారని మన కథ. తీర్చి ఊరుకోలేదు, తానీషా చేత రశీదు రాయించుకున్నారు! మన ఆడవాళ్ళం కథలో భక్తిని పట్టుకున్నాం, రశీదు వదిలేశాం.

కార్డు ముక్కలు చేసి గోదాట్లో పారేయమని నేననను. నెలాఖరుకి పైసాతో సహా మొత్తం బిల్లు కట్టగలిగితే అది మహా సౌకర్యం. అలా కట్టలేకపోతున్నామని రెండు నెలలు వరసగా తెలిసిందా, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, గాజులు బ్యాంకుకి తీసుకెళ్ళండి, కొంగు కప్పుకోనక్కర్లేదు. అనుబంధ కార్డు ఇచ్చేముందు ఆయనగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి, దేనికని. అడగందే మీ పేర కార్డు పంపకూడదనీ, మీరు సరేననందే లిమిటు పెంచకూడదనీ 2022లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. వసూలుకి ఉదయం ఎనిమిదికి ముందూ, సాయంత్రం ఏడు తర్వాతా ఫోను చేయకూడదని కూడా ఉంది. చేస్తే తారీఖు, టైము రాసిపెట్టుకోండి. బాకీ అంతా తీర్చేసి కార్డు రద్దు చేయమని రాతపూర్వకంగా అడిగితే, ఏడు పనిదినాల్లో రద్దు చేయాలి. చేయకపోతే ఆ తర్వాత రోజుకి 500 రూపాయల చొప్పున వాళ్ళే మీకు కట్టాలి.